దొమితిలా చెవి

మా పెన్యోన్‌ పేటలో డిస్కు మీద పేరు గీకెయ్యడం తప్పు కాదు, అది వృత్తిధర్మం. డిస్కు నడుమ గుండ్రటి కాగితం మీద పాట పేరూ, పాడినవాళ్ళ పేరూ అచ్చువేసి ఉంటాయి కదా. వీధి డాన్సులకి సౌండు సెట్టు నడిపేవాడెవడికైనా మంచి పాట దొరికిందంటే, ఇంటికి రాగానే చేసే మొదటి పని నాణెం అంచుతో ఆ కాగితాన్ని గీకిపారెయ్యడం. లేకపోతే పక్క సెట్టువాడు వైర్లు సర్దుతున్నట్టు దగ్గరికొచ్చి, మెడ సాచి పేరు చదివేసుకుంటాడు. వచ్చే ఆదివారం తెపితో సంతలో అదే డిస్కు కొనేస్తాడు. ఇక ఆ పాట నీది కాదు. అందుకే గీకుతారు. గీకాక దానికి తమకి తోచిన పేరొకటి పెట్టుకుంటారు. జనం ఆ పేరుతోనే అడుగుతారు.

దొమితిలా పడ్డ అవస్థకంతా ఆ గీకుడే మూలం. దొమితిలా అర్రియాగా అంటే మా పేటకి మైకు గొంతు. ఆమె పెద్దకూతురి జ్ఞానస్నానంలో నేను జ్ఞానతల్లిగా నిలబడ్డాను, అప్పటినుంచి మేమిద్దరం వదినలం. వాళ్ళ సెట్టు పేరు మగ్నోలియా. మగ్నోలియా స్పీకరు బాకాలు ఏ వీధిలో కడితే ఆ వీధిలో నేను పొయ్యి పెట్టి కెసదియాలు, అంటే జున్ను మడిచిన రొట్టెలు, కాలుస్తాను. డాన్సు బాగుంటే నా పిండి చాలదు, డాన్సు పాడైతే నా పిండి పులుస్తుంది. కాబట్టి చోలె అనే నేను ఎవరి పక్షమూ కాకుండా చెబుతున్నానని అనుకోవద్దు. నేను దొమితిలా పక్షమే.

ఆ సెట్టులో పని పంపకం ఊరందరికీ తెలుసు. డిస్కులు ఏరేది మొగుడు ఫిదెన్సియో, మైకులో మాట్లాడేది పెళ్ళాం. ప్రతి ఆదివారం పొద్దున్నే ఆయన తెపితో పోయి, పెట్టెల్లో మోచేతుల దాకా చేతులు పెట్టి, కొలంబియా నుంచి వచ్చిన కుంబియా డాన్సు పాటలు వెతికి తెచ్చేవాడు. ఫిదెన్సియో ఏరాడంటే ఇంక అడగక్కర్లేదు అనేవాళ్ళు. ఆయన తెచ్చినవాటిలో ఒకదానికి జనమే పేరు పెట్టారు, "నీళ్ళలారీ" అని. మా పేటకి నీళ్ళలారీ వస్తే బకెట్లు పట్టుకుని ఎలా పరిగెత్తుతామో, ఆ పాట అందుకోగానే అలా పరిగెత్తుకొచ్చి ఆడేవాళ్ళు. శాలువ కొంగు పొయ్యిలో పడుతోందని కూడా చూసుకోకుండా నేనూ పరిగెత్తేదాన్ని.

ఫిదెన్సియో ఏ పాటనీ దాని వేగంలో వేసేవాడు కాదు. ప్లేయరు వేగం పిడి కిందికి తిప్పి, పాటని బరువుగా, ఈడ్చినట్టు వేసేవాడు. మావాళ్ళు ఎగిరి గంతులెయ్యరు, పాదం నేలకి రాసుకుంటూ తిరుగుతారు. మాకు అదే బాగుంటుంది. ఆ పాట మీద దొమితిలా గొంతు. జనం చీటీల మీద రాసిచ్చిన పలకరింపులన్నీ ఆమె పాట మీదే చదువుతుంది. "చెరువుగట్టు వీధి రోచావాళ్ళకి మగ్నోలియా దండాలు! తిహువానాలో ఉన్న తమ్ముడు నిసెఫోరో, మీ అమ్మ కులాసా, నువ్వెప్పుడొస్తావు!" అని. దొమితిలా నోట తమ పేరు వినబడాలని జనం పడి చచ్చేవాళ్ళు.

కిందటేడు వానాకాలంలో ఫిదెన్సియో చక్కెర జబ్బుతో పోయాడు. ఆ తర్వాత జరిగిన మొదటి డాన్సుకి సామాను దింపుతుంటే బాకా ఒకటి జారి డిస్కుల పెట్టె మీద పడింది. పగిలింది ఒక్కటే. నీళ్ళలారీ.

"పోనీలే వదినా, తెపితోలో ఇంకొకటి కొనుక్కో," అన్నాను.

"ఏమని అడిగి కొనను? పేరేదీ?"

"నీకు తెలీదూ?"

"ఆయన గీకి తెచ్చేవాడు. నేనెప్పుడూ అడగలేదు," అంది. ముఖం చూస్తే ప్రాణం ఉసూరుమంది. డాన్సుల్లో రికార్డు చేసిన కాసెట్లు బోలెడున్నాయి గాని, ఏది పెట్టినా పాటకంటే దొమితిలా మాటలే ఎక్కువ. సంతలో డిస్కులమ్మే బల్దొమెరోకి వినిపిస్తే, "నీ గొంతు బాగానే ఉంది గాని దొమితిలమ్మా, అడుగున ఏదో మూలుగుతోంది, అదేమిటో నాకు తెలీడం లేదు," అన్నాడు.

అసలు బాధ అది కాదు. ఒక్క పాట పోతే పోయింది, కొత్తవి ఎవరు తేవాలి? "నాకు నోరుంది గాని చెవి లేదు వదినా," అనేది రోజూ. నాకూ నిజమే అనిపించేది. ఎందుకంటే ఎవరేది మంచిదంటే అది కొనేది. బల్దొమెరో మంచిదన్నాడని ఒకటి వేసింది, జనం కదల్లేదు. అల్లుడు చెప్పాడని ఇంకొకటి వేసింది, కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. వీధి మూసేసి, దీపాలు కట్టి, బాకాలు మోగుతుంటే నడివీధి ఖాళీగా ఉండటం చూశారా ఎప్పుడైనా? మైకు పట్టుకున్న మనిషికి అంతకంటే అవమానం లేదు. ఆ ఖాళీలోకి చూస్తూ ఆవిడ రోచావాళ్ళకి దండాలు చెబుతుంటే నేను తల వంచుకుని పెనం గీకుతుండేదాన్ని.

ఇలా ఉండగా మార్కెట్టు వార్షికోత్సవం వచ్చింది. మగ్నోలియాకి ఆ పండగ అంటే అన్నం ముద్ద. అక్కడ వాయించిన సెట్టునే ఏడాది పొడుగునా పేటలో పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ పిలుస్తారు. దానికొక నియమం ఉంది: మొదటి డిస్కు పేటలో ఎవరూ ఎన్నడూ విననిది కావాలి. ఫిదెన్సియో ఉన్నప్పుడు ఆ క్షణం కోసం జనం ఊపిరి బిగబట్టి ఎదురుచూసేవాళ్ళు. మార్కెట్టు సంఘం పెద్ద ఎస్కొలాస్తికా, కోళ్ళ కొట్టావిడ, ఈసారి దొమితిలాని పిలిచి నిర్మొహమాటంగా చెప్పేసింది.

"చూడమ్మా, ఫిదెన్సియో మీద నాకు గౌరవముంది. కానీ నీ డాన్సుల్లో ఈ మధ్య జనం నా కొట్టు ముందు కుర్చీలు వేసుకుని మరీ కూర్చుంటున్నారు. ఈసారి ఇద్దర్ని పెడుతున్నా. నువ్వో కొసన, ప్రాక్సెదిస్ ఇంకో కొసన. ఎవరి కొత్త డిస్కు బాగుంటే ఇకమీద మార్కెట్టు వాళ్ళది."

ప్రాక్సెదిస్ ఓల్మోస్ అంటే అల్మిరాంతె సెట్టు యజమాని. బంగారప్పన్ను, పెద్ద బొజ్జ, అంతకంటే పెద్ద గొంతు. ఫిదెన్సియో దినాలైన మర్నాడే వచ్చి, "అక్కా, బాకాలు అమ్మేటట్టయితే నాకు చెప్పు," అన్న ఘనుడు. ఆ రోజు వాణ్ని నేను గరిటె పట్టుకుని గుమ్మం దాటించాను. ఇప్పుడు దొమితిలా తనంతట తానే వాడికి కబురు పెట్టింది: మార్కెట్టు పోతే బాకాలు నీకే అమ్ముతాను, మాట ఇస్తున్నాను అని.

"నీకేమైనా మతి పోయిందా వదినా?" అన్నాను.

"మార్కెట్టు పోయాక బాకాలు నాకెందుకు? వాటిమీద బట్టలారేసుకోనా?" అంది.

ఇక చూడండి తమాషా. పేటంతా దొమితిలాకి సలహాలే. మంగలి ఒక పాట చెప్పాడు. రొట్టెల మిల్లు వరసలో ఆడాళ్ళు తలా ఒకటి చెప్పారు. టాక్సీవాడొకడు బండి ఆపి మరీ కిటికీలోంచి పాడి వినిపించాడు. బల్దొమెరో అయితే ప్రతి డిస్కూ గుండెకి హత్తుకుని, "ఇది నీ ఒక్కదానికే, కన్యమరియమ్మ సాక్షి," అనేవాడు. ఆ తల్లిని రోజుకెన్నిసార్లు సాక్ష్యానికి పిలిచేవాడో! నేను మాత్రం ఊరుకున్నానా? మా అక్క విన్నప్పుడల్లా ఏడ్చే బొలెరో విరహపాట ఒకటుంది, అది వెయ్యమన్నాను.

"అది వింటే జనం ఏడుస్తారు వదినా, ఆడరు."

"ఏడిస్తే ఏం, ఆకలేసి నా కెసదియాలు తింటారు."

నవ్విందనుకున్నారా? లేదు. నవ్వడం మానేసి చాలా రోజులైంది. తిండి సయించేది కాదు. చేతుల మీద దద్దుర్లు లేచాయి. ఇంట్లో ఏదో డిస్కు పెట్టి, కిటికీ తెరిచి, వీధిన పోయేవాళ్ళ కాళ్ళ వైపు చూస్తూ కూర్చునేది, ఎవరి అడుగైనా తాళానికి పడుతుందేమోనని. విమానమొకటి నెత్తిమీదుగా పోయి పాటని మింగేస్తే మళ్ళీ మొదటినుంచి పెట్టేది. పాలవాడి అడుగు పడిందని ఒక డిస్కు పక్కన పెట్టింది. తీరా చూస్తే వాడికి చెప్పులో రాయి దూరింది. అలా తయారైంది మనిషి.

ఆ వారంలోనే ప్రాక్సెదిస్ వచ్చాడు, వార్తాపత్రికలో చుట్టిన డిస్కు చంకలో పెట్టుకుని.

"అక్కా, ఇది నువ్వు వెయ్యి. వెరాక్రూస్ రేవులో ఓడ మనిషి దగ్గర కొన్నా. పేటలో ఎవరూ విన్లేదు."

"నాకెందుకిస్తున్నావు?" అంది దొమితిలా.

"నువ్వు చచ్చిన పాట వేసి, నేను గెలిచి, అది నాకేం పేరు? ఫిదెన్సియో సెట్టుని గెలిచానని అనిపించుకోవాలి నేను. నా దగ్గర ఇంకోటుందిలే."

పెట్టి విన్నాం. బాగుంది. ఎంత బాగుందంటే నా భుజాలు వాటంతటవే ఊగాయి. అది చూసి దొమితిలా ఇంకా భయపడింది. ఇంత మంచిది శత్రువు ఊరికే ఇస్తాడా? ఏ పక్కపేట డాన్సులోనో ముందే వాయించి ఉంటాడు, నేను వెయ్యగానే పాతదని అరిపిస్తాడు అంది. నేనూ తానా అంటే తందానా అన్నాను. డిస్కు తిప్పి పంపేసింది. "నీ ఇష్టం అక్కా, అయితే నేనే వేసుకుంటా," అని వాడు భుజాలెగరేసి వెళ్ళిపోయాడు.

పండగ ముందటి ఆదివారం నన్ను వెంటబెట్టుకుని తెపితో వెళ్ళింది. బల్దొమెరో చేతులు జాపుకుంటూ ఎదురొచ్చి, "దొమితిలమ్మా, నీ ఒక్కదానికే..." అంటుండగానే,

"బల్దొమెరో, నీకు దండం పెడతాను, నోరు ముయ్యి. పెట్టెలు చూపించు చాలు," అంది.

వాడు నోరు మూశాడు. పదహారేళ్ళ వ్యాపారంలో వాడి నోరు మూతపడటం అదే మొదలేమో, పక్క దుకాణాలవాళ్ళు తిరిగి చూశారు. ఆవిడ మోచేతుల దాకా పెట్టెలో చేతులు పెట్టింది. ఒక్కొక్కటే తీసి పాత ప్లేయరు మీద పెట్టి, కాస్త విని, "వద్దు," అని పక్కన పెట్టేది. ఎండ నెత్తి మీదికొచ్చింది. నా కాళ్ళు పీకుతున్నాయి. అప్పుడు అడుగునుంచి ఒకటి తీసింది. నడుమ కాగితం గీకేసి ఉంది.

బల్దొమెరో ఆగలేకపోయాడు. "అది చెత్తమ్మా. సెట్టు నడిపే ముసలాయన ఎవరో పోతే వాళ్ళావిడ కిలోల లెక్కన అమ్మేసింది. ఏ పాటో నాకే తెలీదు. పెట్టె నిండాలని పెట్టా. అది మాత్రం వద్దు."

ముల్లు పెట్టింది. గరగర మధ్య పాట పరుగందుకుంది. నాకు నచ్చలేదు. వేడి పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు ఒకటే చిటపట. "ఇదేం పాట వదినా, తరిమేవాడున్నట్టు పరిగెడుతోంది," అన్నాను. దొమితిలా మళ్ళీ మొదటినుంచి పెట్టింది. నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"ఇదే," అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అదే భయంగా ఉంది."

ఆ డిస్కుని శాలువలో చుట్టి, చంటిపిల్లని తెచ్చినట్టు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఇంటికొచ్చాక బీరువాలో పెట్టి తాళం వేసింది. పండగ దాకా మళ్ళీ వినలేదు. "ఒకసారి చూసుకోవే, పెళ్ళికొడుకు ముఖమైనా రెండోసారి చూస్తాం కదా," అంటే, "మళ్ళీ వింటే నచ్చదేమో వదినా. అప్పుడు నాకు ఏ దారీ ఉండదు," అనేది. ఇటు బల్దొమెరో వద్దన్నాడు, అటు నేను వద్దన్నాను. నాకు లోపల్లోపల ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంతమంది ఇన్ని చెబితే పేరూ ఊరూ లేని చెత్త ఏరుకొచ్చిందే అని.

పండగ రోజు మధ్యాహ్నానికే మార్కెట్టు వీధి కిక్కిరిసిపోయింది. ఈ కొసన మగ్నోలియా, ఆ కొసన అల్మిరాంతె, నడుమ కోళ్ళ కొట్టు ముందు ఎస్కొలాస్తికా, కొత్త ఏప్రను కట్టుకుని, చేతులు కట్టుకుని. చీటీ వేస్తే ప్రాక్సెదిస్‌కి మొదటి వంతు వచ్చింది. వాడు ముల్లు పెట్టాడు. నా చేతిలో కెసదియా చేతిలోనే ఉండిపోయింది. అది మాకు తెచ్చిచ్చిన డిస్కే. వీధి వీధంతా అటు తిరిగిపోయింది. పిల్లలు, ముసలాళ్ళు, చేపలమ్మేవాళ్ళు గమ్‌బూట్లతోనే గుండ్రంగా కూడి ఆడుతున్నారు. పాతదని ఒక్కడూ అరవలేదు. మోసం లేదు, మాయ లేదు, వాడు నిజమే చెప్పాడు. ఓరి దేవుడా, నిజం చెప్పినవాణ్ని తరిమేసి చెత్తపెట్టెలోది తెచ్చుకున్నామే అని నన్ను నేనే తిట్టుకున్నాను. దొమితిలా వైపు చూడలేకపోయాను.

మా వంతు వచ్చింది. "మార్కెట్టు తల్లులకీ తండ్రులకీ మగ్నోలియా దండాలు. ఇది ఎవరూ వినని డిస్కు," అంది దొమితిలా మైకులో. ముల్లు పెట్టింది. పాట పరిగెత్తింది.

ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒకడు వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. నడివీధి అలాగే ఖాళీగా, ఎండలో మెరుస్తూ ఉంది. ఒక్కళ్ళు, ఒక్కళ్ళు అడుగేస్తే చాలు తల్లీ అని మొక్కుకుంటున్నాను. అప్పుడు ఎస్కొలాస్తికా తల పక్కకి వంచింది. చేతులు విడదీసింది. కళ్ళు చికిలించింది.

"ఏయ్! ఇది నీళ్ళలారీ కదూ?" అని అరిచింది. "పరిగెత్తిస్తున్నారు గాని, ఇది నీళ్ళలారీయే!"

జనంలో ముందు గుసగుస, తర్వాత నవ్వు. ఆ కొసనుంచి ప్రాక్సెదిస్ మైకులో అందుకున్నాడు. "ఆహాహా! కొత్త డిస్కని చెప్పి మొగుడి పాత డిస్కు! మగ్నోలియా అక్కకి అల్మిరాంతె జోహార్లు!" వీధంతా ఘొల్లుమంది.

నేను దొమితిలాని చూశాను. ఆమెకీ అప్పుడే తెలిసింది. ఒట్టేసి చెబుతున్నాను, ఆ ముఖం దొంగ ముఖం కాదు. ఇన్నేళ్ళూ ఈడ్చి వేసిన పాట, తన మాటల కింద నలిగిన పాట, ఒంటరిగా దాని అసలు వేగంలో ఎదురొస్తే ఆమెకి ఎలా తెలుస్తుంది? నాకు మాత్రం తెలిసిందా? మైకు నోటి దగ్గరే ఉంచి, రెండో చేత్తో బల్ల అంచు పట్టుకుంది. పడిపోతుందని పొయ్యి వదిలి పరిగెత్తాను.

నేను చేరేలోపే ఆమె మైకు బల్ల మీద పెట్టేసింది. ప్లేయరు పిడి మీద చెయ్యి వేసి, నెమ్మదిగా కిందికి తిప్పింది. పరిగెత్తే పాట నడకలో పడింది. నడక బరువెక్కింది. బాకాల్లోంచి నీళ్ళలారీ వచ్చింది.

ఎవరు ముందు కదిలారో చెప్పలేను. ఎస్కొలాస్తికాయే అనుకుంటాను. తర్వాత ఎవరూ ఆగలేదు, అల్మిరాంతె దగ్గరున్నవాళ్ళు కూడా ఇటే వచ్చిపడ్డారు. దొమితిలా ఒక్క చీటీ చదవలేదు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పాట వెనకాల సన్నగా పిల్లనగ్రోవి ఒకటి నడుస్తుందని పేటకి ఆ రోజే తెలిసింది. నేను ఆడుతూ ఏడ్చాను, ఎందుకో అడక్కండి. అవతల పెనం మీద కెసదియాలు బొగ్గయ్యాయి.

పాట అయ్యాక ఎస్కొలాస్తికా ఏప్రనుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది.

"ఆడాను తల్లీ. ఏడ్చాను కూడా. కానీ నియమం నియమమే. కొత్త డిస్కన్నాం. ఇది పాతది. మార్కెట్టు ప్రాక్సెదిస్‌దే."

"కళ్ళు లేవా నీకు? జనం ఎవరి దగ్గరున్నారు?" అని నేను మీదికి పోయాను. దొమితిలాయే నన్ను వెనక్కి లాగింది.

పొద్దు వాలుతుండగా సామాను సర్దుతున్నాం. నేను వైర్లు చుడుతూ అందర్నీ తిడుతున్నాను. బల్దొమెరోని తిట్టాను, గీకిన ముసలాయన్ని తిట్టాను. దొమితిలా ఆ డిస్కు పట్టుకుని సామాను లారీ అంచున కూర్చుంది.

"వదినా," అంది. "ఆ సంతలో ఎన్ని పెట్టెలు! ఎన్ని డిస్కులు విన్నాను! చివరికి నా చెయ్యి దేనిమీద పడింది? ఆయన చెయ్యి పడ్డదాని మీదే."

"వినీ వినీ అలవాటైన పాట. చెవి గుర్తుపట్టి ఉంటుంది."

"గుర్తుపడితే కొనేదాన్నా? పండక్కి పాత పాట వేసేంత పిచ్చిదాన్నా నేను? నాకది కొత్తదే. కొత్తదనే విన్నాను, బాగుందనే తీశాను." డిస్కుని శాలువ అంచుతో తుడిచింది. "నాకు చెవి లేదని నాకెవరు చెప్పారు వదినా?"

ఎవరని చెప్పను? పేటంతా అనేదే.

"ఆయనే," అంది. "పెళ్ళైన కొత్తలో ముచ్చటపడి ఒక డిస్కు కొనితెచ్చాను. సగం కూడా వినలేదు. నవ్వి, నా బుగ్గ పట్టుకుని, నీకు దేవుడు నోరిచ్చాడు చాలు, చెవి సంగతి నాకొదిలెయ్యి అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేను నమ్మాను. ఆ డిస్కు మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు. ఇన్నేళ్ళూ ఎవడేది చెబితే అది నమ్మాను."

చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. దుఃఖమనుకుని దగ్గరికి తీసుకోబోయాను. చెయ్యి విదిలించేసింది. అది కోపం. పోయిన మొగుడి మీద, మొదటిసారి.

అప్పుడు ప్రాక్సెదిస్ వచ్చాడు, వెనక ఇద్దరు మనుషుల్ని, తాళ్ళనీ వేసుకుని.

"అక్కా, బాకాలు..."

"అమ్మను."

"మాటిచ్చావుగా!"

"ఇచ్చాను. తప్పుతున్నాను. మార్కెట్టు నీదేగా, తీసుకో. బాకాలు నావి."

వాడు నా వైపు చూశాడు, నేను అందుకున్న గరిటె వైపు చూశాడు, తాళ్ళవాళ్ళని పొమ్మన్నాడు. పోబోతుంటే దొమితిలా పిలిచింది.

"నువ్వు తెచ్చిన డిస్కు మంచిది ప్రాక్సెదిస్. నువ్వు నిజమే చెప్పావు."

వాడి బంగారప్పన్ను బయటపడింది. "చెప్పానా మరి? వచ్చే నెల ఓడలో ఇంకోటి వస్తోంది అక్కా. నీకైతే సరిగ్గా..."

"వద్దు. మంచిదైనా సరే, నాకు చెప్పకు." నా వైపు తిరిగింది. "నువ్వూ చెప్పకు వదినా."

నేను అప్పుడే ఒక పాట పేరు చెబుదామని నోరు తెరిచి ఉన్నాను. మూసేశాను.